సూర్యాస్తమయం 4.47

ఆల్విన్ ట్రాంటర్ రోజూ వచ్చేవాడు.
రాగి గనిలో లిఫ్టు నడిపే చేతులు,
ఎంత తోమినా గోళ్ల సందుల్లో వదలని గ్రీజు.
మొహమ్మీది వాన తుడుచుకుని అడిగేది ఒకటే:
"పేపరు ఖాళీయేనా, మిసెస్ ట్రెగెన్నా?"

చదివేదీ ఒకటే.
మూడో పేజీ అడుగున, గొర్రెల ధరల పక్కన,
ఆవగింజంత అక్షరాల్లో
ఇవాళ పొద్దు గుంకే వేళ.
నోటుబుక్కులో రాసుకుని, టోపీ సర్దుకుని వెళ్లిపోయేవాడు.
చేపల కోసమేమో అనుకున్నాను.
క్వీన్స్‌టౌన్ ఏట్లో చేపలు చచ్చి
డెబ్బై ఏళ్లయిందన్న సంగతి
నాకెందుకో తట్టలేదు.

టాస్మేనియా చట్టం మా లైబ్రరీలోనే ఉండేది,
ఎర్ర అట్ట, పై అర, ఎవరూ దులపని దుమ్ము.
మగవాడు ఆడబట్టల్లో వీధిలో కనబడితే నేరం,
పొద్దు గుంకింది మొదలు పొద్దు పొడిచేదాకా.
పగటి గురించి చట్టం నోరెత్తలేదు.
పగటి పని ఊరికి వదిలేసింది.

జూన్ మాకు చలికాలం.
గంధకపు పొగకు బోడులైన కొండల వెనక
సూర్యుడు నాలుగున్నర దాటితే నిలవడు.
రాత్రితోపాటే చట్టమూ సాగుతుంది,
పద్నాలుగు గంటలు, పదిహేను.
డిసెంబరులో దానికి బద్ధకం,
తొమ్మిదికి గానీ లేవదు.

ఒక మంగళవారం అతను పేపరు అడగలేదు.
చీటీ ఒకటి బోర్లించి కౌంటరు మీద తోశాడు.
పెన్సిలుతో ఒక్క మాట.
ఒక్క అక్షరం తప్పు పోలేదు.
మా నిఘంటువులో ఆ మాటకు ఒకటిన్నర వరుస అర్థం.
ఆ పేజీ అంచు గ్రీజుతో నల్లబడి ఉందని
తర్వాత చూశాను.

దాని మీద మా దగ్గరున్నది ఒకే పుస్తకం,
తాళం వేసిన బీరువాలో,
విషాల పుస్తకానికీ గర్భనిరోధం పుస్తకానికీ నడుమ.
తాళంచెవి నా మెడలోనే ఉంది, స్వెటర్ కింద, చల్లగా.
"అది డాక్టర్లకే ఇస్తాం," అన్నాను.
"ఓహో," అన్నాడు. "పరవాలేదు."
చీటీని నాలుగు మడతలు పెట్టాడు.
నోట్లో వేసుకుని మింగేస్తాడేమో అనిపించింది.
జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి బీరువా తెరిచాను.
నేనూ డాక్టరును కాను. నన్నెవరూ అడగలేదు.
కేసు నంబర్లు. కళ్ల మీద నల్లపట్టీ వేసిన ఫోటోలు.
తల్లి తప్పట, నరాల తప్పట, కరెంటు పెట్టాలట.
గౌను తొడుక్కున్నప్పుడు నీకెలా ఉంటుందని
నాలుగొందల పేజీల్లో ఒక్కరూ అడగలేదు.
ఇవ్వకపోవడమే మేలయిందని చెప్పుకున్నాను.
మేలు చేసినవాళ్లకు పట్టే నిద్ర మాత్రం
పట్టలేదు.

మెల్‌బోర్న్‌లో మా చెల్లెలికి రాశాను.
ఎవరికోసమో రాయలేదు, అదీ అడగలేదు.
మూడు వారాలకు సముద్రం దాటి జవాబొచ్చింది:
ఒక పోస్టుబాక్సు నంబరు.
నెలకోసారి కలుస్తారట, టీ తాగుతారట,
పెద్ద పాదాలకు చెప్పులెక్కడ దొరుకుతాయో
ఒకరికొకరు చెప్పుకుంటారట.

ఆ నంబరు రాసిన చీటీ
మూడో పేజీలో, గొర్రెల ధరల పక్కన పెట్టాను.
ఆరోజు అస్తమయం 5.09.
చదివాడు. రాసుకున్నాడు. పేపరు మడిచి తెచ్చిచ్చాడు.
చీటీ లేదు. మాటా లేదు.

నవంబరు చివర, ఒక సాయంత్రం,
లైబ్రరీ తాళం వేస్తున్నాను.
గడ్డి మొలవని ఫుట్‌బాల్ మైదానం పక్కనుంచి
నీలం కోటులో ఒకావిడ వస్తోంది,
కంకర మీద మడమలు తడబడుతూ.
బారు గుమ్మంలోంచి ఒక ఈల. తర్వాత ఒక మాట.
ఆ మాట రాయను. అది మా నిఘంటువులో లేదు,
ఊళ్లో అందరికీ వచ్చు.

"గుడ్ ఈవెనింగ్," అన్నాను, బారు దాకా వినబడేలా,
తర్వాత పేరు తెలీక ఆగిపోయాను.
మూడేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి.
"ఏమని పిలవమంటారు?"

చేతి గడియారం చూసుకుంది.
ఇంకా నలభై నిమిషాలుంది.
"లోర్నా," అంది,
తొందరేం లేనట్టు.